స్టీలుకు హోల్ వేసేటప్పుడు డ్రిల్లు బిట్ మాడిపోకుండా ఉండాలంటే

పోయిన వేసవిలో ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రొయ్యల రైతు ఏరేటర్ (గుంట నీళ్లకు గాలి పట్టించే మిషన్) ఫ్రేము తెచ్చి నెల్లూరులో మా షెడ్డు ముందు దించాడు. ఉప్పు నీళ్లకు పాత బోల్టులు తినేసి, పట్టీ దగ్గర ఫ్రేము ఊగిపోతోంది. పక్కన కొత్తగా రెండు 8 మి.మీ. హోల్స్ వేస్తే సరిపోతుంది. పట్టీ మందం 6 మి.మీ. ఇదేం పెద్ద పని కాదులే అని కుర్రాడికి అప్పజెప్పి టీకి వెళ్లాను. వచ్చేసరికి బెంచీ మీద మూడు బిట్లు పడున్నాయి. మూడింటి మొనలూ నీలంగా మాడిపోయాయి. పట్టీ మీద మాత్రం అద్దంలా మెరుస్తున్న చిన్న గుంట ఒకటి, పప్పుబద్ద పట్టేంత.

"అన్నా, ఇది స్టీలా, ఇంకేమన్నానా? పొద్దున ఇనప యాంగిల్‌కి ఇరవై హోల్స్ ఏసినా ఇట్టాంటి బిట్టుతోనే" అన్నాడు.

వాడు అబద్ధం చెప్పలేదు. ఇనుముకు ఎలా వేశాడో దీనికీ అలాగే వేశాడు. ఫుల్ స్పీడు, మిషన్ బరువు తప్ప పైనుంచి నొక్కుడు లేదు, మొన వేడెక్కితే కాసేపు ఆపి మళ్లీ మొదలు. ఇనుము దీన్నంతా సహిస్తుంది. స్టీలు సహించదు.

ఇనుముకీ దీనికీ తేడా ఎక్కడుంది

ఇంట్లో గిన్నెల నుంచి బాల్కనీ రెయిలింగ్ దాకా మనం 'స్టీలు' అనేదంతా స్టెయిన్‌లెస్ స్టీలే. షాపుల్లో ఎస్.ఎస్. అంటారు. ఇది మొదట్లోనే రాయిలా గట్టిగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఆకురాయి పెట్టి చూడండి, బాగానే తెగుతుంది. చిక్కల్లా దాని రెండు గుణాలతో.

ఒకటి, రుద్దితే గట్టిపడుతుంది. బిట్ అంచు లోహాన్ని కోయకుండా పైపైన తిరిగిందంటే అక్కడి పొర నలిగి, అంతకుముందుకంటే చాలా గట్టిదైపోతుంది. ఆ గట్టి పొరను కోయలేక బిట్ ఇంకా రుద్దుతుంది. పొర ఇంకా గట్టిపడుతుంది. కుర్రాడు చేసిన అద్దం గుంట అదే.

రెండోది, వేడిని పోనివ్వదు. మామూలు ఇనుము వేడిని లాగినంతలో స్టీలు దాదాపు మూడో వంతే లాగుతుంది. ఇనుములో పుట్టిన వేడి పట్టీ అంతటా పాకిపోతుంది. స్టీలులో పుట్టిన వేడి పుట్టిన చోటే, అంటే బిట్ మొన దగ్గరే నిలబడిపోతుంది. మందపాటి పట్టీని చేత్తో పట్టుకుంటే చల్లగానే ఉంటుంది, బిట్ మాత్రం కాలిపోతూ ఉంటుంది. చేతికి వేడి తగల్లేదు కదా అని ధీమాగా ఉండకండి.

ఈ రెండూ తెలిస్తే మిగతాదంతా వాటిలోంచే వస్తుంది. బిట్ తిరుగుతున్నంతసేపూ కోస్తూ ఉండాలి. కోయకుండా తిరిగే ఒక్క సెకను కూడా ఉండకూడదు.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ స్టీలో చూసుకోండి

ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకోండి, పాత స్పీకర్లోదైనా పర్లేదు. గట్టిగా అతుక్కుంటే అది 430 లాంటి రకం. అది గట్టిపడటం తక్కువ, హోల్ వేయడం తేలిక. అతుక్కోకపోతే 304, 316, 202 లాంటి రకం, జాగ్రత్తలన్నీ దానికే. వంచిన చోట, నొక్కిన చోట 304 కూడా అయస్కాంతాన్ని కాస్త లాగుతుంది, దాన్ని చూసి మోసపోవద్దు.

304కీ 202కీ తేడా అయస్కాంతంతో తెలియదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ పెంచుతారు, అందుకే చవక. ఇళ్ల రెయిలింగులకు వచ్చే పైపుల్లో 202 ఎక్కువ. హోల్ వేసేవాడికి 202 ఇంకాస్త మొండిది, 304 కంటే త్వరగా గట్టిపడుతుంది. "పైపే కదా, పల్చగా ఉంది" అని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువ బిట్లు పోగొట్టుకుంటారు.

బిట్ కొనేటప్పుడు

హార్డ్‌వేర్ షాపులో "స్టీలుకు బిట్ ఇవ్వండి" అంటే బంగారు రంగులో మెరిసేది తీసి చేతిలో పెడతారు. ఆ రంగు టైటానియం నైట్రైడ్ పూత. మంచి కంపెనీదైతే పూత పనికొస్తుంది, కాదనను. కానీ అది పైపూతే, ఒకసారి సాన పట్టగానే మొన దగ్గర పోతుంది. చవక సెట్లలో కొన్నిటికి ఆ పూత కూడా ఉండదు, ఉత్త రంగే. నేనూ ఒకసారి ఎగ్జిబిషన్ స్టాల్లో అలాంటి సెట్టు కొని, మొదటి హోల్‌కే వేళ్లకు బంగారం అంటించుకున్నాను.

అడగాల్సింది కోబాల్ట్ బిట్. దాని మీద హెచ్.ఎస్.ఎస్.-కో అనో, ఎం35 అనో, ఎం42 అనో ఉంటుంది. ఎం35లో 5 శాతం, ఎం42లో 8 శాతం కోబాల్ట్ లోహంలోనే కలిసి ఉంటుంది. ఎన్నిసార్లు సాన పట్టినా పోదు. వేడిలోనూ పదును నిలుపుకుంటుంది. ధర మామూలు బిట్‌కు రెండు మూడింతలు ఉండొచ్చు. అయినా మూడు మామూలు బిట్లు మాడ్చుకోవడం కంటే ఒక్క కోబాల్ట్ బిట్ చవకే. చేతి మిషన్‌తో పనైతే ఎం35 చాలు. ఎం42 ఇంకా గట్టిది, కానీ మిషన్ పక్కకు వంగితే పుటుక్కున విరుగుతుంది.

మొన కోణం కూడా చూడండి. మామూలు బిట్ మొన 118 డిగ్రీలు ఉంటుంది. స్టీలుకు 135 డిగ్రీలది, కాస్త మొండిగా కనిపించేది కావాలి. మొన మధ్యలో రెండు చిన్న గాట్లు అదనంగా కోసి ఉండాలి, దాన్ని స్ప్లిట్ పాయింట్ అంటారు. మామూలు బిట్ మధ్యలో ఉండే అడ్డ అంచు కోయదు, నలుపుతుంది. స్టీలును నలిపితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం కదా. స్ప్లిట్ పాయింట్ మధ్యనుంచే కోయడం మొదలుపెడుతుంది, పైగా పక్కకు జారదు.

మా ప్రకాశం జిల్లా మిత్రులకు ఇంకో మాట. చీమకుర్తి గ్రానైట్ పనిలో చేయి తిరిగినవాళ్ల దగ్గర కార్బైడ్ అనే బాగా గట్టి పదార్థం మొనలున్న బిట్లు బోలెడు ఉంటాయి. "రాయికే దిగుతుంది, స్టీలు ఎంత" అని వాటిని పెట్టబోతారు. రాయి బిట్ కోయదు, దంచి పొడి చేస్తుంది. దాని మొనకు కోసే పదును ఉండదు. స్టీలు మీద పెడితే అద్దం గుంట ఖాయం.

గుర్తు పెట్టడం, బిగించడం

సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టేటప్పుడు ఒక్కసారి, తేలిగ్గా కొట్టండి. బిట్ మొన కుదురుకునేంత చుక్క చాలు. ఇనుముకు కొట్టినట్టు నాలుగైదు దెబ్బలు వేస్తే ఆ చోటే గట్టిపడి కూర్చుంటుంది. పాత పంచ్ మొన గుండ్రంగా అరిగి ఉంటే గ్రైండర్ మీద పదును చేసుకున్నాకే కొట్టండి.

పట్టీని వైస్‌లోనో, సి-క్లాంపులతో బెంచీకో కదలకుండా బిగించండి. కాలి కింద తొక్కిపెట్టి వేయడం మన షెడ్లలో మామూలే. కానీ హోల్ అవతలికి దిగే క్షణంలో బిట్ లోహాన్ని పట్టుకుంటుంది, పట్టీ ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. స్టీలు రేకు అంచు కత్తికి తీసిపోదు. పట్టీ కింద ఒక చెక్క ముక్క పెట్టండి.

కళ్లజోడు తప్పనిసరి. చేతికి గ్లౌజులు మాత్రం వద్దు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, తిరిగే బిట్‌కు గ్లౌజు చిక్కితే వేళ్లను కూడా లాక్కుపోతుంది. తువ్వాలు మెడలో వేసుకుని మిషన్ మీదికి వంగొద్దు. లుంగీ అంచు పైకి దోపుకోండి.

స్పీడు

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. లెక్క సులువు. 3200ని బిట్ సైజుతో భాగించండి, వచ్చిన అంకె నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో చెబుతుంది. 4 మి.మీ. బిట్‌కు 800. 6కు 530. 8కి 400. 10కి 320. 12కు 265. ధారగా కూలెంట్ (బిట్‌ను చల్లార్చే ద్రవం) పడే మంచి పిల్లర్ డ్రిల్లు (నిలువు స్తంభానికి బిగించి ఉండే డ్రిల్లు), కోబాల్ట్ బిట్ ఉంటే ఇంకో మూడో వంతు పెంచుకోవచ్చు. చేతి మిషన్ అయితే ఈ లెక్క దాటకండి.

ఇప్పుడు మీ చేతి మిషన్ మీద రాసి ఉన్న అంకె చూడండి. 10 మి.మీ. చక్ (బిట్‌ను పట్టుకునే భాగం) ఉన్న చాలావాటి మీద 2600, 2800 అని ఉంటుంది. అంటే ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే 8 మి.మీ. బిట్ తిరగాల్సినదానికి ఆరేడు రెట్లు వేగంగా తిరుగుతోంది. కుర్రాడి మూడు బిట్లూ పోయింది అందుకే.

బ్యాటరీ డ్రిల్లు ఉంటే దాని పైన 1, 2 అని గేరు మీట ఉంటుంది. 1లో పెట్టండి. చాలా మిషన్లలో అది 400, 450 దగ్గర ఉంటుంది, స్టీలులో 8 మి.మీ. బిట్‌కు దాదాపు కావాల్సిన స్పీడు అదే. కరెంటు మిషన్ అయితే ట్రిగ్గర్ కొద్దిగా నొక్కి పట్టుకోండి. చక్ పళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా లీలగా విడివిడిగా కనిపిస్తున్నాయంటే దాదాపు సరిగ్గా ఉన్నట్టే. తక్కువ స్పీడులో మోటారు ఫ్యాను గాలి సరిగా తోయదు కాబట్టి ఒక్కో హోల్ తర్వాత మిషన్‌ను ఊరికే ఫుల్ స్పీడులో అర నిమిషం తిప్పి చల్లారనివ్వండి.

కొందరు స్పీడు తగ్గడానికి మధ్యలో సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ పెడతారు. ఫ్యాను లాగేది 70, 80 వాట్లు. డ్రిల్లు లాగేది 400, 500. రెగ్యులేటర్ కాలి కంపు కొడుతుంది, మిషన్‌కు బలం కూడా ఉండదు.

పిల్లర్ డ్రిల్లు ఉన్నవాళ్లు బెల్టును మోటారు వైపు చిన్న పుల్లీకి, చక్ వైపు పెద్ద పుల్లీకి మార్చండి. బద్ధకిస్తారని తెలిసే చెబుతున్నాను.

ఇంపాక్ట్ డ్రిల్లు అయితే సుత్తి గుర్తు మీదున్న మీటను బిట్ గుర్తు వైపు తిప్పారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. గోడకు వేసి అలాగే వదిలేసిన మిషన్‌తో స్టీలు మీద మొదలుపెడితే కోబాల్ట్ బిట్ అంచులు మొదటి పది సెకన్లలోనే చిట్లిపోతాయి.

నొక్కడం

స్పీడు తగ్గించాక చాలామంది నొక్కుడు కూడా తగ్గిస్తారు, పాపం బిట్‌కు దెబ్బ తగులుతుందని. అదే బిట్‌ను చంపుతుంది. స్పీడు ఎంత తక్కువో నొక్కుడు అంత ఎక్కువ ఉండాలి. ప్రతి చుట్టుకూ అంచు లోహంలోకి దిగి, కిందటి చుట్టులో గట్టిపడిన పల్చటి పొర కిందికి వెళ్లి కోయాలి. నొక్కుడు చాలకపోతే ఆ పొర మీదే జారుతుంది.

ఎంత నొక్కాలో కేజీల్లో చెప్పడం కష్టం. బిట్టే చెబుతుంది, దాని నుంచి వచ్చే తురుము చూడండి. రెండు గాడుల్లోంచీ రెండు చుట్టలు, జిలేబీ చుట్టల్లా తిరుగుతూ పైకి రావాలి. తెల్లగానో, లేత గడ్డి రంగులోనో ఉండాలి. తురుము ముదురు నీలంగా వస్తోందంటే వేడి ఎక్కువ, స్పీడు తగ్గించండి. పొడిలా, రజనులా రాలుతోందంటే నొక్కుడు చాలడం లేదు, లేదా పదును పోయింది. ఒక గాడిలోంచే వస్తోందంటే బిట్ సాన సరిగా లేదు. అసలేమీ రావడం లేదంటే వెంటనే ఆపండి. ఇంకో రెండు సెకన్లు చూద్దాం అనుకున్నారంటే గుంట అద్దమవుతుంది.

శబ్దం కూడా వినండి. సరిగ్గా కోస్తున్నప్పుడు కరకరమని అడుగునుంచి వస్తుంది. కీచుమని సన్నగా అరిస్తే రుద్దుతోందని అర్థం.

6 మి.మీ. పైన బిట్ అయితే చేతుల బలం చాలదు. మిషన్ వెనుక భాగం అరచేతిలోకి తీసుకుని, మోచేతులు నిటారుగా పెట్టి, ఒళ్లు బరువంతా దాని మీద వేయండి. పట్టీని నడుము కంటే తక్కువ ఎత్తులో బిగించుకుంటే తేలిక. 3, 4 మి.మీ. బిట్లకు ఇంత బరువు వేయకండి, విరుగుతాయి. వాటికి రెండు చేతుల నొక్కుడు చాలు. మిషన్ నిటారుగా ఉందో లేదో పక్కన ఇంకొకరిని నిలబెట్టి చూడమనండి. మీకు ముందువెనుకలు తెలుస్తాయి గానీ కుడిఎడమలు తెలియవు.

మొదలుపెట్టేటప్పుడు వరస ఇది. బిట్ మొనను చుక్కలో పెట్టండి. ముందు నొక్కండి, తర్వాత ట్రిగ్గర్ లాగండి. తిప్పుతూ తీసుకొచ్చి ఆనించడం ఇనుముకు అలవాటు, స్టీలుకు అది మొదటి సెకనులోనే రుద్దుడు. ఆపేటప్పుడు కూడా అంతే. నొక్కుడు వదిలి అలాగే తిప్పుతూ సేద తీరొద్దు. ఆపదలచుకుంటే తిరుగుతున్న బిట్‌ను గబుక్కున పైకి లాగేయండి.

మందం ఎక్కువైతే 3, 4 మి.మీ. దిగినప్పుడల్లా పైకి లాగి, గాడిలో ఇరుక్కున్న తురుమును బ్రష్‌తో తీసి, ఆయిల్ వేసి మళ్లీ దించండి. తురుమును చేత్తో పట్టుకోవద్దు. స్టీలు తురుము బ్లేడు కంటే పదును, తెగిన సంగతి రక్తం కనపడ్డాకే తెలుస్తుంది.

అవతలికి దిగబోతున్నప్పుడు శబ్దం మారుతుంది, బిట్ కింద చెక్క తగిలిన మెత్తదనం తెలుస్తుంది. అక్కడ నొక్కుడు కొంచెం తగ్గించండి, పూర్తిగా వదలకండి. మిషన్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి. మణికట్టు తిరిగిపోయేది ఈ క్షణంలోనే.

ఆయిల్

సల్ఫర్ కలిసిన కటింగ్ ఆయిల్ స్టీలుకు బాగా పనిచేస్తుంది. నల్లగా ఉంటుంది, కంపు కొడుతుంది, కానీ బిట్ ఆయుష్షు పెంచుతుంది. లేత్ షాపుల్లో నీళ్లలో కలిపి పాలలా చేసి వాడే కూలెంట్ కూడా మంచిదే, ధారగా పడుతుంటే ఇంకా మంచిది.

ఏదీ లేకపోతే కొబ్బరినూనె, వేరుశనగనూనె వాడండి. నేను వంట గిన్నెలకు, సింకులకు కొబ్బరినూనే వాడతాను, తర్వాత సబ్బుతో కడిగితే పోతుంది, తినేచోట కంపు ఉండదు. కొత్త ఇంజిన్ ఆయిల్ ఏమీ లేనిదానికంటే నయం, అంతవరకే. బండిలోంచి తీసిన కాలిన ఆయిల్ వాడొద్దు, చర్మానికి మంచిది కాదు. కిరోసిన్ అల్యూమినియానికి బాగుంటుంది, దీనికి కాదు.

మొదలుపెట్టకముందే చుక్క మీద నాలుగు చుక్కలు వేయండి. పొగ లేచాక వేయడం ఆలస్యమే. కాలి ఎర్రబడ్డ బిట్‌ను చల్లార్చడానికి నీళ్ల బకెట్లో ముంచడం మన దగ్గర బాగా అలవాటు. చుయ్‌మన్న శబ్దం వినడానికి బాగుంటుంది గానీ, మొనకు కంటికి కనిపించని వెంట్రుక పగుళ్లు పడతాయి, తర్వాతి హోల్‌లో అంచు ఊడుతుంది. గాలికి చల్లారనివ్వండి.

పెద్ద హోల్స్

చేతి మిషన్‌తో 8, 10 మి.మీ. వేయాలంటే ముందు 3 లేదా 4 మి.మీ.ది ఒకటి వేసి, తర్వాత నేరుగా అసలు సైజుకు వెళ్లండి. 4, 5, 6, 7 అని మెట్లు మెట్లుగా పెంచడం తప్పు. ఒక్కో మెట్టులో కోయాల్సింది అర మిల్లీమీటరే కాబట్టి బిట్ అంచు చివర మూలలే పనిచేస్తాయి, అవే గట్టిపడిన గోడను రుద్దుతాయి, అవే ముందు పోతాయి. మొదటి చిన్న హోల్ పెద్ద బిట్ మధ్యలోని అడ్డ అంచుకు చోటిస్తే చాలు.

రేకుకు మామూలు బిట్ పెడితే హోల్ మూడు మూలలుగా వస్తుంది, రేకు లేచి మెలి తిరుగుతుంది. దానికి స్టెప్ డ్రిల్లు తీసుకోండి, శంకువులా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఇక్కడ మెట్లు తప్పు కాదు, రేకు పల్చన కాబట్టి ఒక్కో మెట్టు క్షణంలో దాటుతుంది.

కిచెన్ సింకుకు పంపు బిగించాలంటే ముందు పంపు కొలవండి. అరంగుళం పంపు మరల బయటి కొలత దాదాపు 21 మి.మీ., కాబట్టి 22 మి.మీ. హోల్ సరిపోతుంది. ఒకే హోల్ మీద కూర్చునే మిక్సర్లకు ఎక్కువగా 35 కావాలి, దానికి హోల్ సా, అంటే గుండ్రటి రంపం. బై-మెటల్‌దో, కార్బైడ్ పళ్లదో తీసుకోండి. 35 మి.మీ.కి స్పీడు లెక్క వేస్తే వంద కూడా రాదు. ట్రిగ్గర్ మీద వేలు ఆనీ ఆనకుండా ఉంచాలి. సింకు అడుగునుంచి ఒక చెక్కను ఎవరైనా నొక్కి పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ చేసింది, ఇప్పటికీ దెప్పుతుంది.

రెయిలింగ్ పైపుకైతే లోపల సరిపడే చెక్క ముక్క దూర్చండి. లేకపోతే నొక్కుడుకు పైపు సొట్ట పడుతుంది. అవతలి గోడకు కూడా హోల్ కావాలంటే ఒకే దూకుడులో వెళ్లకుండా, రెండు వైపులా గుర్తు పెట్టి విడివిడిగా వేయండి.

గుంట అద్దమైపోతే

ఇప్పుడు మళ్లీ కుర్రాడి పట్టీ దగ్గరకు వద్దాం. అలాంటి గుంటలో మామూలు బిట్ ఎన్ని మార్చినా దండగ. మొదట చూడాల్సింది పట్టీని తిరగేసి అవతలి వైపు నుంచి వేయగలమా అని. అవతలి వైపు ఇంకా మెత్తగానే ఉంటుంది. కొలత సరిగ్గా పెట్టుకుని అటు నుంచి దిగితే గట్టిపడిన పొర చివర్లో పల్చటి బిళ్లలా ఊడిపోతుంది. మేం చేసింది అదే.

తిరగేయడం కుదరకపోతే కొత్త పదునున్న కోబాల్ట్ బిట్, మామూలుకంటే సగం స్పీడు, ఒళ్లు బరువంతా. ఆ పొర మందం ఎక్కువ ఉండదు. బిట్ అంచు దాని కిందికి ఒకసారి దిగితే మిగతాది మామూలుగా పోతుంది. దిగకపోతే చిన్న గ్రైండింగ్ రాయితో ఆ మెరుపు పొరను గీకేసి మళ్లీ చూడండి. పూర్తి కార్బైడ్ బిట్ దాన్ని తేలిగ్గా కోస్తుంది, కానీ అది గాజులా పెళుసు, గట్టి పిల్లర్ డ్రిల్లులో మాత్రమే పెట్టాలి. చేతి మిషన్‌లో పెడితే ముక్కలే మిగులుతాయి.

సాన పట్టడం

ఎం35 బిట్‌ను పది పన్నెండు సార్లు సాన పట్టుకోవచ్చు, ఒక్కసారి మొండిపడిందని పారేయకండి. బెంచ్ గ్రైండర్‌లో బూడిద రంగు లేదా తెల్ల రాయి వాడండి. ఆకుపచ్చ రాయి కార్బైడ్‌కు.

బిట్‌ను రాయికి ఏటవాలుగా, 135 డిగ్రీల్లో సగం, అంటే 67 డిగ్రీల దగ్గర పెట్టండి. కోసే అంచు రాయికి సమాంతరంగా ఉండాలి. అంచు తగిలాక తోకను మెల్లగా కిందికి దించుతూ వెనుక భాగం కాస్త పల్లం చేయండి. అంచు కంటే వెనుక భాగం ఎత్తుగా ఉండిపోతే ఎంత పదును పెట్టినా బిట్ దిగదు, వెనుక భాగమే ఆనుకుని రుద్దుతుంది. రెండో వైపు కూడా అన్నే సార్లు, అంతే నొక్కుడుతో చేయండి. రెండు అంచులూ పొడవులో సమానం కాకపోతే 8 మి.మీ. బిట్ 8.4 హోల్ వేస్తుంది. చేతి వాటం కుదిరే దాకా పాత బిట్ల మీద నేర్చుకోండి. నాకు కుదరడానికి ఒక సీజను పట్టింది.

హోల్ వేశాక

రెండు వైపులా అంచున లేచిన గరుకును పెద్ద బిట్‌తో చేత్తోనే నాలుగు చుట్లు తిప్పి తీసేయండి. హోల్ లోపల మర తీయాలంటే, ఎం8 (8 మి.మీ.) బోల్టుకు ఇనుములో 6.8 హోల్ వేస్తాం కదా, స్టీలులో 6.9 లేదా 7 వేయండి. మర కోసే ట్యాప్ విరిగి లోపల ఉండిపోతే దాన్ని తీయడం హోల్ వేయడం కంటే పదింతల పని. స్టీలు బోల్టుకు స్టీలు నట్టు ఆయిల్ లేకుండా బిగిస్తే ఒక్కోసారి మధ్యలోనే పట్టేసి అటూ ఇటూ కదలదు. కాస్త గ్రీజు రాసి, మెల్లగా చేత్తో బిగించండి.

ఇంకో పని మన తీరం వాళ్లు అసలు మానకూడదు. మైపాడు, కృష్ణపట్నం, కొత్తపట్నం గాలిలో ఉప్పు ఉంటుంది, రొయ్యల గుంటల దగ్గర చెప్పనే అక్కర్లేదు. అదే షెడ్డులో పక్కన ఇనుము గ్రైండింగ్ చేస్తే ఎగిరిన రజను హోల్ అంచున అతుక్కుని వారం తిరక్కుండా తుప్పు మరకలు పెడుతుంది. "స్టీలు కూడా తుప్పు పట్టింది, మోసం" అని రైతు వస్తాడు. సగం సార్లు తుప్పు పట్టింది స్టీలు కాదు, దాని మీద కూర్చున్న ఇనుము. ఇనప తీగల బ్రష్ స్టీలు మీద పెట్టొద్దు, స్టీలు బ్రష్షే వాడండి. పని అయ్యాక సబ్బుతో ఆయిల్ కడిగేసి, లీటరు గోరువెచ్చని నీళ్లలో యాభై అరవై గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, గుడ్డ తడిపి హోల్ చుట్టూ అరగంట కప్పి ఉంచండి. తర్వాత మంచి నీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఎప్పుడూ ఉప్పు నీళ్లలోనే ఉండే వస్తువైతే 304 కంటే 316 అడగండి, దానిలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును ఎక్కువ తట్టుకుంటుంది. ధర కూడా ఎక్కువే.

మా షెడ్డులో స్టీలు బిట్లను పాత బిస్కెట్ డబ్బాలో విడిగా పెడతాం. ఒక్కోదాని కాడకు ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. ఎర్ర టేపు ఉన్నది గోడకు పెడితే ఆ రోజు టీ ఖర్చు పెట్టినవాడిదే. ఆ రూలు పెట్టాక మొదటి టీ ఖర్చు నాదే అయింది.